స్పర్శను గుర్తించే వాహక వస్త్రాలు

విద్యుత్తును ప్రసరింపజేసే దారాలతో నేసిన, అల్లిన, కుట్టిన గుడ్డనుగానీ, వాహక పదార్థం పట్టించిన మామూలు గుడ్డనుగానీ స్పర్శ సెన్సారుగా వాడవచ్చు. వేలు తగిలినా, అరచెయ్యి నొక్కినా, గుడ్డ వంగినా, సాగినా దాని విద్యుత్ నిరోధమో కెపాసిటెన్సో మారుతుంది. ఆ మార్పును చిన్న మైక్రోకంట్రోలరు కొలిచి ఎక్కడ తాకారో, ఎంత గట్టిగా నొక్కారో లెక్కగడుతుంది. గాజు, ప్లాస్టిక్ తెరలకు లేని మూడు గుణాలు గుడ్డ సెన్సారుకు ఉన్నాయి: అది ఒంటికి తగ్గట్టు వంగుతుంది, గాలి ఆడనిస్తుంది, దాన్ని కత్తిరించి కుట్టుకోవచ్చు. దుస్తులు, పరుపులు, చేతొడుగులు, కారు సీట్లు, రోబోల పైతొడుగులు దీని ప్రధాన రంగాలు.

ఈ విద్యలో సగం ఎలక్ట్రానిక్స్, సగం నేత. పోగు ఎంత తేమ పీలుస్తుంది, పడుగులో ఏ పోగు పక్కన ఏది పడింది, ఉతికితే ఏం మిగులుతుంది అన్న ప్రశ్నలకు జవాబులు నేతపనిలో దొరుకుతాయి. అందువల్ల పత్తి పండించి, నూలు వడికి, జరీ అంచు వేసే గుంటూరు, ప్రకాశం మైదానాల పని పద్ధతులు ఈ సెన్సార్లను అర్థం చేసుకోవడానికి సరైన ఆధారం.

చరిత్ర

లోహాన్ని గుడ్డలో కలపడం చాలా పాత పని. సన్నని వెండి తీగను రేకులా నలగగొట్టి, పట్టు పోగు చుట్టూ చుట్టి, పైన బంగారు పూత పూస్తే అసలు జరీ తయారవుతుంది. వందల ఏళ్లుగా భారతీయ నేతగాళ్లు దీన్ని అలంకారానికే వాడారు. అది విద్యుద్వాహకం కూడా అన్న సంగతి వస్త్రాల చరిత్రలో చాలా ఆలస్యంగా అక్కరకొచ్చింది.

1997లో అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌కు చెందిన రెమీ పోస్ట్, మ్యాగీ ఆర్త్ ఉతకగల కంప్యూటర్ల గురించి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఈ రంగానికి అది పునాదుల్లో ఒకటి. వారు ఎంచుకున్న ముఖ్య పదార్థం లోహపు రేకు చుట్టిన పేకతో నేసిన పట్టు ఆర్గాంజా. దాని పడుగు పట్టు పోగులు. పేక మీద సన్నని రాగి రేకు చుట్టి ఉంటుంది. ఇటువంటి గుడ్డను భారతదేశంలో కనీసం వందేళ్లుగా అలంకారం కోసం నేస్తున్నారని ఆ పరిశోధకులే రాశారు. లోహపు పోగుల మధ్య పట్టు ఎడం ఉండడంతో ఒక్కొక్క పోగును విడి తీగలా వాడవచ్చని వారు గమనించారు. అటువంటి రెండు పొరల మధ్య నైలాన్ వల ఉంచి మెత్తని కీబోర్డు చేశారు. అదే బృందం స్టీలు పోగుతో మీటలు కుట్టిన సంగీత జాకెట్టునూ తయారుచేసింది. మీటల నుంచి సంగీత పరికరానికి సంకేతాలు వాహక వస్త్రపు పట్టీ ద్వారా వెళ్లేవి. 2000లో ఐబీఎం సిస్టమ్స్ జర్నల్‌లో వెలువడిన వ్యాసంలో ఈ కుట్టు పద్ధతుల వివరాలున్నాయి.

దీనికి అవసరమైన విజ్ఞానం అంతకు ముందే వేర్వేరు దారుల్లో సిద్ధమైంది. 1920 ప్రాంతంలో రష్యాలో పుట్టిన థెరెమిన్ వాద్యం చెయ్యి దగ్గరైతే కెపాసిటెన్స్ మారుతుందన్న సూత్రం మీదే మోగుతుంది. 1965లో బ్రిటన్‌లో ఇ.ఎ. జాన్సన్ వేలితో తాకే కెపాసిటివ్ తెరను వివరించాడు. 1977లో హిడెకి షిరకావా, అలన్ మెక్‌డయార్మిడ్, అలన్ హీగర్ ప్లాస్టిక్‌ను కూడా వాహకంగా మార్చవచ్చని చూపారు. 2000లో ఆ ముగ్గురికీ రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. గుడ్డకు లోహం లేకుండానే విద్యుత్తును పట్టించే మార్గం ఆ పరిశోధనతో తెరుచుకుంది.

2007లో లియా బ్యూక్లీ రూపొందించిన లిలీప్యాడ్ ఆర్డుయినో మార్కెట్లోకి వచ్చింది. వాహక దారంతో నేరుగా గుడ్డకు కుట్టగల ఈ బోర్డు వల్ల విద్యార్థులూ కళాకారులూ ఈ పనిలోకి దిగారు. 2015లో గూగుల్ సంస్థ ప్రాజెక్ట్ జాకార్డ్‌ను ప్రకటించింది. సన్నని లోహపు తీగను నూలు, పట్టు వంటి పోగులతో కలిపి మామూలు పారిశ్రామిక మగ్గాల మీద నేయగల దారాన్ని తయారుచేయడం దాని లక్ష్యం. 2017లో లీవైస్ సంస్థతో కలిసి ముంజేతి దగ్గర స్పర్శ పట్టీ నేసిన డెనిమ్ జాకెట్టును 350 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. చేత్తో నిమిరితే పాట మారడం, ఫోన్ ఎత్తడం వంటి పనులు అది చేసేది. 2023లో ఆ సేవ ఆగిపోయింది. గుడ్డ పాడుకాకపోయినా దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఆగిపోతే సెన్సారు పనికిరాకుండా పోతుందని ఈ ఉదాహరణ తెలిపింది.

వాహక పదార్థాలు

శుద్ధ లోహాల్లో వెండి, రాగి మెరుగైన వాహకాలు. వెండి విశిష్ట నిరోధం ఒక ఓమ్-మీటరును 10 కోట్ల వంతులు చేస్తే అందులో సుమారు 1.6 వంతులు. రాగిది దాదాపు 1.7 వంతులు. స్టెయిన్‌లెస్ స్టీలు నిరోధం రాగికి సుమారు 40 రెట్లు ఎక్కువ. అయినా తుప్పు పట్టదు, ఉతుకులు తట్టుకుంటుంది, వెంట్రుక కన్నా సన్నని పోగుగా లాగి పాలిస్టరుతో కలిపి వడకవచ్చు. అందుకే కుట్టుపనికి స్టీలు దారం ఎక్కువగా వాడతారు.

వెండి పూసిన నైలాన్ రెండో రకం. ప్రతి నైలాన్ పోగు చుట్టూ పలచని వెండి పొర ఉంటుంది. దీనితో అల్లిన గుడ్డ మెత్తగా ఉండి సాగుతుంది. చదరానికి నిరోధం ఒక ఓమ్ లోపే ఉండేలా చేయవచ్చు. రాగి, నికెల్ పూసిన పాలిస్టరు గుడ్డలు ఇంకా చవక. వాటిని మొదట విద్యుదయస్కాంత తరంగాలను అడ్డుకోవడానికి తయారుచేశారు. నికెల్ కొందరి చర్మానికి పడదు కాబట్టి ఒంటికి తగిలేచోట దాన్ని వాడరు.

మూడో రకం వాహక పాలిమర్లు. పాలీపైరోల్, పీడాట్ వీటిలో ముఖ్యమైనవి. పైరోల్ ద్రావణంలో గుడ్డను ముంచి, ఆక్సీకరణం చేసే లవణం కలిపితే పాలిమరు పోగుల మీదే తయారై నల్లగా పట్టుకుంటుంది. నిరోధం లోహాలకన్నా చాలా ఎక్కువ. నొక్కుడును కొలిచే పొరకు మాత్రం ఆ ఎక్కువ నిరోధమే కావాలి. కార్బన్ కలిపిన పాలిథీన్ షీటును కూడా ఇదే పనికి వాడతారు.

నాలుగో రకం నానో పదార్థాలు. 2008లో మిచిగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కార్బన్ నానోట్యూబుల ద్రావణంలో నూలు దారాన్ని ముంచి ఆరబెట్టి వాహకంగా మార్చారు. 2010లో స్టాన్‌ఫర్డ్ బృందం నూలు గుడ్డకే నానోట్యూబుల సిరా పట్టించింది. గ్రాఫీన్, మెక్సీన్ సిరాలతోనూ ఇప్పుడు ఇటువంటి ప్రయోగాలు సాగుతున్నాయి.

పత్తి పోగు గుణాలు

పైన చెప్పిన సిరాలకు పత్తిని ఎంచుకోవడానికి కారణం దాని రసాయన నిర్మాణం. పత్తి పోగులో 90 శాతానికి పైగా సెల్యులోజ్ ఉంటుంది. సెల్యులోజ్‌లోని హైడ్రాక్సిల్ సమూహాలు నీటిని ఇష్టంగా పట్టుకుంటాయి. నీటిలో కలిపిన సిరా పోగు లోపలిదాకా ఇంకుతుంది. పాలిస్టరుకు ఆ గుణం లేదు.

అయితే పచ్చి నూలు సిరాను తిప్పికొడుతుంది. పోగు పైన సహజంగా మైనపు పొర ఉంటుంది. నేతకు ముందు పడుగుకు పెట్టిన గంజి దానికి తోడవుతుంది. ముందు గంజి వదిలించి, తర్వాత కాస్టిక్ సోడా నీళ్లలో ఉడికించి మైనం తీసేస్తేనే వాహక సిరా సమంగా పడుతుంది. ఇది రంగుల అద్దకం చేసేవారికి కొత్త కాదు. చీరాలలో తేలియా రుమాళ్లకు నూలును నూనెలోనూ బూడిద నీళ్లలోనూ పదేపదే నానబెట్టి ఆరబెట్టేవారు. ఆ సంస్కారం వల్లే ఎర్ర రంగు నూలుకు గట్టిగా పట్టేది. పోగు తయారీని బట్టే పూత నిలుస్తుందన్నది రంగుకూ వాహక సిరాకూ ఒకే నియమం.

అదే రుమాళ్లలో వాడిన మరో పద్ధతి, రంగు అంటకూడని చోట పోగులను బిగించి కట్టడం, వాహక వస్త్రాలకూ పనికొస్తుంది. కట్టిన చోట పాలిమరు పట్టదు. ఒకే గుడ్డలో వాహకమైన భాగాలూ కాని భాగాలూ కత్తిరింపు లేకుండా వస్తాయి. 2020లో ప్రచురితమైన పాలీసెన్స్ పరిశోధన, తయారైన బట్టల మీదే పాలీపైరోల్‌ను పట్టించి ఈ దారిని విస్తృతంగా చూపింది.

తేమ పత్తికి బలమూ బలహీనతా. పొడి నూలు మంచి విద్యుద్బంధకం. వాణిజ్య ప్రమాణం ప్రకారం పత్తి తన పొడి బరువులో 8.5 శాతం తేమ పట్టి ఉంటుంది. పాలిస్టరుకు ఇది 0.4 శాతమే. గాలిలో తేమ పెరిగినకొద్దీ నూలు నిరోధం ఎన్నో రెట్లు పడిపోతుంది. గుంటూరు, చిలకలూరిపేట ప్రాంతాల స్పిన్నింగ్ మిల్లుల్లో తేమను అదుపులో ఉంచే ఏర్పాట్లు చేసేది ఇందుకే: గాలి పొడిబారితే పోగుల మీద స్థిర విద్యుత్తు చేరి అవి చెదురుతాయి, దారం తెగుతుంది. గుంట మగ్గంలో నేల చెమ్మ పడుగును కాపాడడంలోనూ ఇదే సూత్రం ఉంది. సెన్సారుకు మాత్రం అతి పొడి, అతి తేమ రెండూ చిక్కే. ఎండలకు పేరుపడ్డ రెంటచింతలలో సరిచూసిన నూలు సెన్సారు, సముద్రపు గాలి వీచే చీరాలలో అదే కొలత ఇవ్వదు. కాబట్టి పరికరం చుట్టూ ఉన్న తేమను బట్టి ఎప్పటికప్పుడు తన సున్నా స్థానాన్ని సవరించుకోవాలి.

జరీ అంచు: సిద్ధంగా ఉన్న వాహకం

మంగళగిరి నేతలో పొట్టభాగం సాదాగా ఉండి, అంచులో జరీ ప్రధానంగా కనిపిస్తుంది. నిజాం అంచు దాని గుర్తు. నూలు పోగుల మధ్య లోహపు పోగులు వరుసగా సాగే ఆ నిర్మాణం, విద్యుత్ దృష్టితో చూస్తే, బంధకంలో పొదిగిన సమాంతర తీగల పట్టీ. కానీ ఏ జరీ అయినా వాహకమే అనుకోకూడదు. బజారులో దొరికే జరీ మూడు రకాలుగా ఉంటుంది.

అసలు జరీలో వెండి రేకు ఉంటుంది కాబట్టి బాగా ప్రసరింపజేస్తుంది. హాఫ్ ఫైన్, టెస్టెడ్ రకాల్లో రాగి రేకు మీద వెండి లేదా బంగారు రంగు పూత ఉంటుంది. పైన లక్క వంటి పారదర్శక పూత లేకపోతే ఇవీ వాహకాలే. మూడోది ప్లాస్టిక్ జరీ. పాలిస్టరు పొర మీద ఆవిరి రూపంలో అల్యూమినియం పట్టించి, దాన్ని కాపాడడానికి పైన మరో పూత వేసి, సన్నని పట్టీలుగా కోస్తారు. మెరుపు ఉన్నా పైపూత వల్ల విద్యుత్తు బయటికి అందదు. మల్టీమీటరు రెండు ముళ్లను ఒకే జరీ పోగు మీద జానెడు ఎడంలో ఆనిస్తే తేడా వెంటనే తెలుస్తుంది: రేకు లోహమైతే ఓమ్‌ల విలువ చూపుతుంది, ప్లాస్టిక్ జరీ అయితే తెగిన తీగ ఉన్నట్టే చూపుతుంది.

అంచునే సెన్సారుగా వాడాలంటే రెండు మార్పులు అవసరం. పక్కపక్కనున్న జరీ పోగులు ఒకదానికొకటి తగిలితే షార్ట్ అవుతాయి. పడుగు పోసేటప్పుడే ప్రతి రెండు జరీ పోగుల నడుమ నాలుగైదు నూలు పోగులు వదలాలి. మడత దగ్గర రేకు చిట్లుతుంది. చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండడంతో ప్రసారం పూర్తిగా ఆగకపోయినా నిరోధం ఒడిదుడుకులకు లోనవుతుంది. కాబట్టి మడత పడే చోట సెన్సారు భాగం ఉంచకూడదు. పాత చీరల్లో వెండి జరీ నల్లబడడం అందరూ చూసేదే. గాలిలోని గంధక సమ్మేళనాలతో వెండి సల్ఫైడు ఏర్పడడం దానికి కారణం. ఆ పొర అతుకుల దగ్గర ప్రసారాన్ని తగ్గిస్తుంది.

పనిచేసే విధానాలు

స్పర్శను గుర్తించడానికి వాహక వస్త్రాల్లో నాలుగు విధానాలు ప్రధానంగా కనిపిస్తాయి.

మొదటిది స్విచ్చు. రెండు వాహక గుడ్డల మధ్య రంధ్రాలున్న బంధక పొర ఉంటుంది. నొక్కినప్పుడు రంధ్రం గుండా పై పొర కింది పొరను తాకి సర్క్యూటు పూర్తవుతుంది. తాకారా లేదా అన్నది మాత్రమే తెలుస్తుంది. నిర్మాణం సులువు, నమ్మకంగా పనిచేస్తుంది.

రెండోది నిరోధ మార్పు. మధ్య పొరగా కార్బన్ షీటుగానీ పాలీపైరోల్ పట్టించిన గుడ్డగానీ ఉంటుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ వాహక కణాల మధ్య, పోగుల మధ్య తాకిడి స్థానాలు పెరిగి నిరోధం వేల ఓమ్‌ల నుంచి వందల ఓమ్‌లకు దిగుతుంది. ఎంత గట్టిగా నొక్కారో దీనివల్ల తెలుస్తుంది. 1996లో బ్రిటన్‌లో డేవిడ్ లస్సీ కనుగొన్న క్వాంటమ్ టన్నెలింగ్ మిశ్రమం ఈ కోవలోనిదే. రబ్బరు వంటి ఆధారంలో ఇమిడిన నికెల్ కణాలు నొక్కుడుకు దగ్గరై, బంధకంగా ఉన్న పదార్థాన్ని వాహకంగా మారుస్తాయి.

మూడోది కెపాసిటెన్స్ మార్పు. ఇందులో రెండు తీరులున్నాయి. ఒక తీరులో మనిషి వేలే ఒక పలకగా పనిచేస్తుంది. గుడ్డలోని వాహక ముక్కకు వేలు దగ్గరైతే కొన్ని పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ కలుస్తుంది. నొక్కకుండా ఆనిస్తే చాలు. మరో తీరులో రెండు వాహక గుడ్డల నడుమ మెత్తని స్పాంజి ఉంటుంది. ఒక చదరపు సెంటీమీటరు పలకల మధ్య ఒక మిల్లీమీటరు గాలి ఎడం ఉంటే కెపాసిటెన్స్ సుమారు 0.89 పికోఫారడ్. నొక్కి ఎడాన్ని సగానికి తగ్గిస్తే అది రెట్టింపై 1.77 అవుతుంది. మార్పు చిన్నది కావడం వల్ల తీగలు పొట్టిగా ఉండాలి, చుట్టూ కవచం ఉండాలి.

నాలుగోది తానే విద్యుత్తు పుట్టించే రకం. 1969లో జపాన్‌లో కవాయ్ కనుగొన్నట్టు పీవీడీఎఫ్ అనే పాలిమరు వంచితే విద్యుదావేశం ఇస్తుంది. రెండు వేర్వేరు పదార్థాలు తాకి విడిపోయినప్పుడు పుట్టే ఆవేశాన్ని వాడే జనరేటర్లను 2012లో జాంగ్ లిన్ వాంగ్ బృందం ప్రతిపాదించింది. ఇవి తాకిన క్షణాన్నీ వదిలిన క్షణాన్నీ బాగా పట్టుకుంటాయి. అలాగే నొక్కి ఉంచితే మాత్రం సంకేతం క్షీణిస్తుంది.

పడుగు, పేకలతో పటం

ఒక్కొక్క స్పర్శ స్థానానికి రెండేసి తీగలు లాగితే 64 స్థానాలకు 128 కావాలి. నేత నిర్మాణం ఈ చిక్కును తనంతట తానే తీరుస్తుంది. పడుగు దిశలో 8 వాహక పట్టీలు, పేక దిశలో 8 పట్టీలు ఉంటే అవి 64 చోట్ల దాటుతాయి. తీగలు 16 చాలు. మైక్రోకంట్రోలరు ఒక్కో పడుగు పట్టీకి వంతులవారీగా విద్యుత్తు ఇచ్చి, 8 పేక పట్టీల్లో ఎంత వస్తోందో చదువుతుంది. సెకనుకు పదుల సార్లు మొత్తం పటం తిరగడం మామూలు చిప్పుకు కూడా కష్టం కాదు.

ఒక కూడలి దగ్గర కొలత ఇలా సాగుతుంది. గుడ్డ సెన్సారుకు వరుసగా 10,000 ఓమ్‌ల స్థిర నిరోధాన్ని కలిపి 5 వోల్టులు ఇచ్చారనుకుందాం. తాకనప్పుడు గుడ్డ నిరోధం 40,000 ఓమ్‌లైతే స్థిర నిరోధం మీద ఒక వోల్టు కనిపిస్తుంది. గట్టిగా నొక్కినప్పుడు గుడ్డ నిరోధం 2,500 ఓమ్‌లకు పడితే అక్కడ 4 వోల్టులు వస్తాయి. 0 నుంచి 1023 దాకా లెక్కించే చిప్పులో ఇవి సుమారు 205, 818 అంకెలుగా నమోదవుతాయి. ఈ రెండింటి మధ్య అంకెలన్నీ ఒత్తిడి స్థాయిలు.

ఈ పటానికి ఒక లోపం ఉంది. దీర్ఘచతురస్రపు మూడు మూలలను ఒకేసారి నొక్కితే, విద్యుత్తు ఆ మూడింటి గుండా చుట్టుదారిలో వెళ్లి నాలుగో మూలను కూడా నొక్కినట్టు చూపుతుంది. ప్రతి కూడలికీ ఒక డయోడు పెట్టడమో, చదవని పట్టీలన్నింటినీ ఒకే వోల్టేజీ వద్ద నిలపడమో దీనికి విరుగుడు. గుడ్డలో డయోడ్లు పొదగడం కష్టం కనుక రెండో మార్గాన్నే ఎక్కువగా అనుసరిస్తారు.

మరో జాగ్రత్త సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. నొక్కి వదిలాక గుడ్డ వెంటనే పాత స్థితికి రాదు. పోగులు మెల్లగా సర్దుకుంటాయి. అందుకే తాకినట్టు గుర్తించడానికి ఒక హద్దు, వదిలినట్టు గుర్తించడానికి అంతకన్నా తక్కువ హద్దు పెడతారు. లేకపోతే ఒక్క నొక్కుడు పలుమార్లుగా లెక్కకొస్తుంది.

తయారీ మార్గాలు

నేతలో సెన్సారు గుడ్డతోపాటే పుడుతుంది. పడుగులో వాహక పోగులను ముందే పోసుకుని, నాడెలో వాహక కండె పెట్టి కావలసిన చోట పేక వేస్తారు. జాకార్డ్ మగ్గం మీద ఏ పోగు పైకి తేలాలో, ఏది కిందకు దాగాలో నిర్ణయించవచ్చు కనుక స్పర్శ స్థానాలను పైకి తెచ్చి, తీగల దారులను వెనక్కి దాచడం సాధ్యమవుతుంది. రెండు పొరల గుడ్డను ఒకేసారి నేసి మధ్యలో ఖాళీ వదలడమూ వీలే.

అల్లిక గుడ్డ సాగుతుంది కాబట్టి చేతొడుగులకు, సాక్సులకు అది అనువైనది. సాగినప్పుడు ముడుల తాకిడి మారి నిరోధమూ మారుతుంది. కీళ్ల వంపును కొలవడానికి దీన్నే వాడతారు. ఎంబ్రాయిడరీలో తయారైన బట్ట మీద ఏ ఆకారంలోనైనా వాహక దారం కుట్టవచ్చు. గట్టి దారం పై వరుసలో తెగుతుంటుంది కనుక దాన్ని కింది బాబిన్‌లో చుట్టి కుట్టడం వాడుక. స్క్రీన్ ప్రింటింగ్‌లో వెండి లేదా కార్బన్ సిరాను అచ్చు వేస్తారు. వేగంగా అవుతుంది, చవక. పదేపదే సాగితే అచ్చు బీటలు వారుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా చెడేది మెత్తని గుడ్డ, గట్టి సర్క్యూటు కలిసే చోటు. వెండి పూసిన నైలాన్‌కు టంకం పెడితే పోగు కరిగిపోతుంది. టిచ్ బటన్లు, వాహక జిగురు, గట్టి కుట్టు దీనికి వాడే ఉపాయాలు. టిచ్ బటన్ ఉంటే ఉతికే ముందు సర్క్యూటును ఊడదీయవచ్చు.

ఉపయోగాలు

వైద్యంలో పరుపు మీద ఒత్తిడి పటం ముఖ్యమైనది. మంచం పట్టిన రోగికి ఒకే చోట గంటల తరబడి బరువు ఆనితే పుండ్లు పడతాయి. దుప్పటి కింద పరిచిన సెన్సారు గుడ్డ ఆ చోటును చూపితే పక్కకు తిప్పడానికి వీలవుతుంది. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి చెప్పులోని అట్ట మీద ఒత్తిడి పంపకాన్ని కొలవడం ఇటువంటిదే.

2019లో నేచర్ పత్రికలో సుబ్రమణియన్ సుందరం, ఎంఐటీ సహచరులు 548 స్పర్శ స్థానాలున్న చేతొడుగును వివరించారు. అల్లిన చేతొడుగు మీద ఒత్తిడికి స్పందించే పొరనూ వాహక దారాలనూ అమర్చి, 26 వస్తువులను పట్టుకున్నప్పుడు అరచేతి మీద పడే ఒత్తిడిని నమోదు చేశారు. చవక పదార్థాలతోనే ఇది సాధ్యమైంది. చేతితో చేసే పనిని అంకెల్లోకి తేవడానికి ఇటువంటి చేతొడుగు సాధనం. పత్తి తీత, మిరప కోత ఇప్పటికీ ఎక్కువగా కూలీల చేతుల మీదే నడుస్తున్నాయి. కాయ తొడిమ విరగడానికి, దూది కాయ నుంచి ఊడడానికి వేళ్లు పెట్టే ఒత్తిడి ఎంతో తెలిస్తే కోత యంత్రాల పట్టును దానికి తగ్గట్టు రూపొందించవచ్చు. అయితే మిరప నూనె, చెమట, దుమ్ము సెన్సారును తడిపేస్తాయి కనుక పైన నీరు చొరని పొర తప్పనిసరి.

సంగీత వాద్యాలు, పిల్లల బొమ్మలు, చూపులేనివారికి తాకి తెలుసుకునే పుస్తకాలు, కారు సీట్లలో మనిషి కూర్చున్నాడా లేదా అన్న గుర్తింపు, రోబోల చేతులకు చర్మం వంటి తొడుగు మిగతా రంగాలు.

పరిమితులు, భద్రత

ఉతుకు పెద్ద పరీక్ష. రుద్దుడుకు వెండి పూత అరుగుతుంది, బ్లీచింగుకు చెడిపోతుంది, పాలిమరు పూత సబ్బు నీటికి బలహీనపడుతుంది, సిరా రాలుతుంది. చెమటలోని ఉప్పు రెండు పట్టీల మధ్య దారి వేసి తాకకుండానే తాకినట్టు చూపుతుంది. వెండి, రాగి క్షయానికీ కారణమవుతుంది. ఎండిన గాలిలో ఒంటి మీద చేరిన స్థిర విద్యుత్తు వేలి ద్వారా దూకి చిప్పును కాల్చేయగలదు కాబట్టి ప్రతి తీగకూ రక్షణ నిరోధం పెడతారు. వాడే వోల్టేజీ 3.3 లేదా 5 వోల్టులే కావడంతో మనిషికి షాక్ ప్రమాదం లేదు. జాగ్రత్త పడవలసింది బ్యాటరీ విషయంలో: నలిగినా తడిసినా లిథియం బ్యాటరీ వేడెక్కుతుంది.

పర్యావరణ సమస్య కూడా ఉంది. నూలు, పాలిస్టరు, వెండి, ప్లాస్టిక్ కలిసిన గుడ్డను తిరిగి విడదీయడం కష్టం. సర్క్యూటు ఊడివచ్చేలా చేయడం, ఒకే రకం పోగు వాడడం దీన్ని కొంత తగ్గిస్తాయి. ప్రమాణాల కోసం అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ధరించే ఎలక్ట్రానిక్ పరికరాలకు ప్రత్యేక కమిటీని ఏర్పాటు చేసింది. ఎలక్ట్రానిక్ వస్త్రాల పరీక్షలు దాని పరిధిలోనివే.

తెలుగు నేలపై విద్య, పరిశోధన

ఈ రంగానికి కావలసిన విద్య తెలుగు రాష్ట్రాల్లో వేర్వేరు చోట్ల ఉంది. గుంటూరు శివారు లాంలో 1922లో మొదలైన వ్యవసాయ పరిశోధన కేంద్రం పత్తి, మిరప రకాల మీద పనిచేస్తోంది. పోగు పొడవు, సన్నదనం, బలం అక్కడి పత్తి పరిశోధనలో భాగం. నేత కార్మికోద్యమ నాయకుడు, చీరాల నుంచి శాసనసభకు ఎన్నికైన ప్రగడ కోటయ్య పేరున వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థ ఉంది. హైదరాబాద్ ఐఐటీలో కాగితం వంటి వంగే పదార్థాల మీద సెన్సార్ల పరిశోధన జరుగుతోంది. చీరాల 2022 ఏప్రిల్‌లో ప్రకాశం నుంచి కొత్త బాపట్ల జిల్లాలోకి మారినా, మంగళగిరి, చీరాల, చిలకలూరిపేట ఒకే పత్తి బెల్టులో ఉన్నాయి. పండించే పొలం, వడికే మిల్లు, నేసే మగ్గం అన్నీ కొద్ది గంటల ప్రయాణంలోనే అందుతాయి.

వాహక వస్త్ర సెన్సార్ల సూత్రాలు ఇప్పుడు స్థిరపడ్డాయి. కొలిచే చిప్పులు చవకయ్యాయి. తేలవలసినవి మూడు: ఉతుకులకు నిలిచే పూత, తేమకు చలించని కొలత, గుడ్డకూ సర్క్యూటుకూ మధ్య తెగని అతుకు. మూడూ పోగుతోనూ నేతతోనూ ముడిపడిన ప్రశ్నలు. ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల ఒంటరిగా వీటిని తేల్చలేదు. పడుగు, పేక తెలిసిన నేతగాడిని, అద్దకం తెలిసిన పనివాడిని మొదటి నుంచీ పనిలో కలుపుకోవాలి.